"సార్ ఉన్నారా మేడమ్?" – సర్వీసులో పాడైన గీజరు, స్త్రీల వినియోగదారు హక్కులు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఈ తరగతుల్లో గృహహింస చట్టం గురించీ, ఆస్తి హక్కు గురించీ, పనిచేసే చోట వేధింపుల గురించీ మాట్లాడుకున్నాం. వాటన్నిటి తర్వాత నేను లేచి గీజరు గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "వినియోగదారుల హక్కులు – స్త్రీలు". కల్తీ నూనెల దగ్గర నుంచి తూకాల మోసాల దాకా దాని కింద ఎన్నయినా చెప్పవచ్చు. నేను మాత్రం ఒక్క గీజరు కథే చెబుతాను. అది మా ఇంట్లో జరిగింది. అందులో కంపెనీ చేసిన తప్పులూ తెలుసు, నేను చేసిన తప్పులూ తెలుసు. రెండూ మీకు పనికొస్తాయి.

మా అమ్మ కాలంలో మా పెరట్లో రాగి బాయిలరు ఉండేది. మధ్యలో గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరి డొక్కలో వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. తెల్లవారుజామున లేచి దాన్ని రాజేయడం, బూడిద తీయడం, చింతపండుతో తోమడం అన్నీ అమ్మ పనులే. ఎప్పుడైనా అడుగు కారితే వీధిలోకి మాట్లు వేసేవాడు వచ్చేవాడు. అతను మాటు వేసి లేవబోతే అమ్మ "ఉండు నాయనా" అని బిందెడు నీళ్ళు పోసి, చుట్టూ తిరిగి, చేత్తో అడుగంతా తడిమి చూసేది. కారకపోతేనే డబ్బులు. అమ్మ బడికి వెళ్ళలేదు. నేను ఎం.ఏ. చదివాను, ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. అమ్మ చేసిన ఆ ఒక్క పని నేను చేయలేదు. కథంతా అక్కడే మొదలయింది.

మేముండేది హైదరాబాదులో, బోరు నీళ్ళ మీద బతికే అపార్టుమెంటులో. ఆ నీళ్ళకు నెల తిరిగేసరికి కుళాయి మూతి మీద తెల్లటి పొర కడుతుంది. గీజరు లోపలా అంతే. నీళ్ళు కాగినప్పుడల్లా వాటిలోని సున్నపు లవణాలు కాయిలు మీద పెచ్చులుగా పేరుకుంటాయి. అప్పుడు వేడి నీళ్ళకు సరిగా అందదు, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి కాయిలే పోతుంది. టాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు. టాంకుకు బదులుగా తాను అరిగిపోతూ ఉండడమే దాని పని. (ఆ కడ్డీ గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు ఎవరెవరు గుర్తొచ్చారో వేరే చెప్పనక్కర్లేదు!) అందుకని ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించుకోవడం మంచిదే.

2023 డిసెంబరులో అలాగే కంపెనీ వాళ్ళ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. గీజరు పాతిక లీటర్లది, కొని ఆరో ఏడు నడుస్తోంది. టాంకు మీద ఐదేళ్ళ వారంటీ అంతకు కొన్ని నెలల ముందే అయిపోయింది. సర్వీసు చార్జీ 650 రూపాయలన్నారు. మర్నాడు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు లోపల ఎప్పుడైనా మనిషి వస్తాడన్నారు. ఆ ఎనిమిది గంటలూ ఇంట్లో ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఎవరుండాలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను ఉన్నాను.

నాలుగున్నరకు ఓ కుర్రవాడు వచ్చాడు. గుమ్మంలోనే "సార్ ఉన్నారా మేడమ్?" అన్నాడు. "ఎందుకు బాబూ, ఫోన్ చేసింది నేనే" అన్నాను. "అదే మేడమ్, సార్ ఉంటే వివరంగా చెప్తాను" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. ఇళ్ళల్లో అతనికి అలవాటయిన పద్ధతి అది. కాకపోతే ఆ మాట తర్వాత నేను బాత్రూం గుమ్మంలో నిలబడి చూస్తున్నా, అతను చేసేదేమిటో నాకు చెప్పలేదు. అడగడానికి నేనూ జంకాను. యంత్రం గురించి అడిగితే "మీకు తెలీదు మేడమ్" అనిపించుకోవడం మనలో చాలామందికి అనుభవమే కదా!

నీళ్ళు వచ్చే పైపు బిగుసుకుపోయి ఊడలేదు. అతను స్పానరు పిడికి ఇంకో పైపు తొడిగి, బలమంతా పెట్టి తిప్పాడు. గోడ మీద గీజరు మొత్తం ఊగింది. "టప్"మని చిన్న శబ్దం వచ్చింది. "ఏమైంది బాబూ?" అన్నాను. "ఏం లేదు మేడమ్, జామయింది, వదిలింది" అన్నాడు. మగ్గెడు పెచ్చులు తీశాడు, మళ్ళీ బిగించాడు. స్విచ్చి వేసి కాసేపు ఉంచితే పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారాయి. "వాల్వు లీకవుతోంది మేడమ్, మూసేస్తాను" అని దాని మూతికి ఓ బిరడా బిగించాడు. నేల తడి కాదు కదా అని నేను "మంచిది బాబూ" అన్నాను కూడా! తర్వాత "మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, చెప్పండి మేడమ్" అన్నాడు, చెప్పేశాను. డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. బిల్లు ఫోనుకు వస్తుందన్నాడు. రాలేదు.

ఆ ఓటీపీ ఏమిటో నాకు తర్వాత తెలిసింది. పని సంతృప్తికరంగా పూర్తయిందని నేను సంతకం పెట్టినట్టు. కంపెనీ కంప్యూటరులో నా ఫిర్యాదు ఆ నాలుగు అంకెలతో మూసుకుపోయింది. ఒకప్పుడు జాబ్ కార్డు మీద సంతకం అడిగేవాళ్ళు, కనీసం కాగితం కనిపించేది. ఇప్పుడు చదవడానికీ ఏమీ ఉండదు. నీళ్ళు నింపి, గీజరు కాగి ఆగేదాకా చూసి, కింద చెయ్యి పెట్టి తడిమి, అప్పుడు చెప్పండి ఓటీపీ. అతనికి తొందరగా ఉందంటే ఉండనివ్వండి. మా అమ్మ బిందె గుర్తుపెట్టుకోండి.

మూడో రోజు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి బట్టలు నానబెడుతూ "అమ్మా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది" అంది. నేను "చలికి వేళ్ళు కొంకర్లు పోయుంటాయిలే" అన్నాను. నాలుగో రోజు ఆమె స్విచ్చి తీసేస్తే గానీ కుళాయి ముట్టనంది. అప్పుడు కూడా నేను వెంటనే నమ్మలేదు, ఆమె మొహం చూసి భయపడి మా భవనంలో పనిచేసే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను కింది మూత విప్పాడు. లోపల దూదిలాంటి పొరంతా తడిసి ముద్దయి ఉంది. నీళ్ళు నేరుగా తీగలు బిగించే చోట పడుతున్నాయి. నీళ్ళు లోపలికి వచ్చే నిపిల్, టాంకుకు వెల్డింగ్ చేసిన చోట చిట్లింది. మా బాత్రూం సాకెట్‌లో ఎర్త్ తీగ అసలు కలపనే లేదని కూడా అతనే చూపించాడు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతే ఉందట. ఎర్త్ సరిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది, దానికి తోడు లీకేజీ కరెంటును పసిగట్టి ఆపేసే బ్రేకరు ఉంటే సరఫరా టక్కున ఆగిపోయేది. మాకు ఆ రెండూ లేవు. రెండు రోజులు ఆ కుళాయి పట్టుకున్నది ఆ అమ్మాయి.

వాల్వు మీది బిరడా చూసి అతను నెత్తి కొట్టుకున్నాడు. ఇది కాస్త వివరంగా చెబుతాను, మీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ ఆ పని జరిగి ఉండవచ్చు. నీళ్ళు కాగితే పెరుగుతాయి. పాతిక లీటర్ల చన్నీళ్ళు 70 డిగ్రీలకు కాగేసరికి దాదాపు అర లీటరు పెరుగుతాయి. వెనక్కి పోకుండా అడ్డు కవాటం ఉన్న గీజరులో ఆ పెరిగిన నీళ్ళు పోవడానికి దారి సేఫ్టీ వాల్వే. కాగేటప్పుడు నాలుగు బొట్లు కారితే అది పని చేస్తున్నట్టు లెక్క. ఆగకుండా ధారగా కారితేనే మార్చాలి. దాన్ని మూసేసిన గీజరులో థర్మోస్టాటూ, దాని మీద ఉండే రెండో కట్ అవుటూ పాడైతే నీళ్ళు మరుగుతూనే ఉంటాయి, ఒత్తిడికి టాంకు పేలిపోతుంది. నేల తడవకూడదని నేను సంతోషంగా ఒప్పుకున్న పని అది.

కంపెనీకి ఫోన్ చేశాను. ఈసారి సూపర్‌వైజరు వచ్చాడు. "టాంకు తుప్పు పట్టింది మేడమ్, వయసైపోయింది. వారంటీ లేదు. ఎక్స్‌ఛేంజిలో కొత్తది తీసుకోండి, ఇరవై శాతం తగ్గిస్తాం" అన్నాడు. పాతదాన్ని వర్కుషాపుకు పట్టుకెళ్ళి చూస్తామన్నాడు. మావారు – మన సంఘం భాషలో నా సహచరుడు – పోనీ ఇచ్చేద్దాం అన్నారు. నేను ఇవ్వలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఆ టాంకు వాళ్ళ చేతికి వెళ్తే చిట్లిన నిపిల్ కూడా వెళ్ళిపోయేది, మిగిలేది నా మాటే. పాడైన భాగం మీ దగ్గరే ఉంచుకోండి. తప్పనిసరిగా ఇవ్వాల్సివస్తే ముందు ఫోటోలు తీసి, ఏ స్థితిలో ఇస్తున్నారో రాయించి, రసీదు తీసుకుని ఇవ్వండి.

ఇక "వారంటీ లేదు" అనే మాట. ఈ మాట విని వెనక్కి తగ్గిపోయిన స్త్రీలు నా దగ్గరకు ఎంతమంది వస్తుంటారో! ఇస్త్రీకి చీర ఇచ్చాం, అతను కాల్చాడు. "మీ చీర పదేళ్ళనాటిదమ్మా, షాపువాడి గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది" అంటే ఒప్పుకుంటామా? చీర పాతదే, కాల్చింది మాత్రం ఇవాళ. వారంటీ అనేది వస్తువు తనంతట తాను పాడైతే అమ్మినవాడు పడే పూచీ. డబ్బు తీసుకుని సర్వీసు చేసేటప్పుడు జాగ్రత్తగా చేయాలన్నది వేరే బాధ్యత. అది వారంటీతో పుట్టదు, వారంటీతో చావదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవా లోపం అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో నిర్లక్ష్యం వల్ల నష్టం కలిగించడమూ ఉంది, తెలియజేయాల్సిన సంగతిని కావాలని దాచడమూ ఉంది. "టప్"మన్నాక "ఏం లేదు మేడమ్" అనడం రెండోదాని కిందికి వస్తుందని నేను వాదించాను. అదే చట్టం 85వ సెక్షన్ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, వస్తువులకు సర్వీసు చేసేవాళ్ళ పని లోపంగా ఉండి హాని జరిగితే వాళ్ళే బాధ్యులంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతే.

అలాగని ఆరేళ్ళ గీజరుకు కొత్త గీజరు ధర అడగకండి. అది న్యాయం కాదు, కమిషన్‌లో నిలవదు కూడా. బాగు చేయించమనండి, లేదా ఇప్పటి విలువ కట్టివ్వమనండి. దానితోపాటు మీకయిన ఖర్చు, పడిన బాధ అడగండి.

కంపెనీకి ఉత్తరం రాస్తే వచ్చిన జవాబు మీకు వినిపించాలి. "గీజరు బిల్లు మీ భర్తగారి పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదు ఆయనే చేయాలి" అట! అంటే ఫోన్ చేసింది నేను, ఎనిమిది గంటలు కాపలా ఉన్నది నేను, డబ్బు నా ఫోను నుంచి వెళ్ళింది, ఓటీపీ నాది, వేడినీళ్ళు లేక అవస్థ నాది, వినియోగదారు మాత్రం ఆయన! మొదట నాకు కోపం వచ్చింది, తర్వాత చట్టం తీసి చదివాను. సెక్షన్ 2, ఏడో క్లాజు. వస్తువు కొన్నవాళ్ళే కాదు, వాళ్ళ ఆమోదంతో దాన్ని వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే. సేవ తీసుకున్నవాళ్ళే కాదు, వాళ్ళ ఆమోదంతో ఆ సేవ ప్రయోజనం పొందేవాళ్ళు కూడా వినియోగదారులే. 1986 నాటి పాత చట్టంలోనూ ఈ మాట ఉంది. ఇంట్లో ఫ్రిజ్జు, మిక్సీ, గ్యాస్ పొయ్యి, గీజరు ఎవరి పేరు మీద ఉంటాయో, ఎవరు వాడతారో మనకు తెలుసు. ఈ ఒక్క క్లాజును మీ బస్తీల్లో, మీ సంఘాల్లో చెప్పండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకూ చెప్పండి. ఇంటివాళ్ళు కుదిర్చిన సర్వీసు అయినా సరే, వాళ్ళ ఆమోదంతో వాడుకుంటున్నది వీళ్ళే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. వినియోగదారుల ఉద్యమం మనకు పరాయిది కాదు. 1966లో బొంబాయిలో లీలా జోగ్ ముందుండగా తొమ్మిది మంది గృహిణులు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను పెట్టారు. చట్టం రావడానికి 20 ఏళ్ళ ముందు! 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన చట్టం కూడా, ప్రతి జిల్లా ఫోరంలో ఒక సంఘసేవకురాలు సభ్యురాలిగా ఉండాలని రాసుకుంది. అప్పట్లో ఆ నియమాన్ని చూసి వేళాకోళం చేసిన ప్లీడర్లను నేను చూశాను. "ఉప్పూ పప్పూ కేసులు కదా, ఆడవాళ్ళుంటే మంచిదే" అని. వాళ్ళు వెక్కిరింపుగా అన్నా, మాట నిజమే. కాగే నీళ్ళ సంగతి కాచే వాళ్ళకు తెలుస్తుంది.

సరే, సాక్ష్యం. మనం అన్యాయం జరిగిందని చెబితే చాలదు. సేవలో లోపం ఉందని మొదట రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసినవాళ్ళేనని 2021లో సుప్రీంకోర్టు ఎస్‌.జి.ఎస్. ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. నా దగ్గర ఏముంది? అదృష్టం కొద్దీ ఒక ఫోటో ఉంది. మోడల్ నంబరు పంపమంటే సర్వీసుకు ముందు రోజు తీసి వాట్సాప్‌లో పంపాను. అందులో గీజరు అడుగూ, కింది గోడా పొడిగా కనిపిస్తున్నాయి. తేదీ ఉంది. కంపెనీకే పంపాను కాబట్టి వాళ్ళు కాదనలేరు. రెండోది ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం. "నన్ను కోర్టుకు పిలుస్తారా మేడమ్?" అని భయపడ్డాడు. చూసింది చూసినట్టు రాస్తే చాలన్నాను. చిట్లిన అంచు మెరుస్తోంది, తుప్పు లేదు, నిపిల్ మీద స్పానరు పళ్ళ గాట్లు కొత్తవి, వాల్వు మూతికి బిరడా ఉంది, ఎర్త్ లేదు. ఈ చివరిది కూడా రాయమన్నాను. మనకు వ్యతిరేకంగా ఉన్నదాన్ని దాస్తే మిగతాదీ నమ్మరు. మెరిసే అంచు నా కేసుకు ప్రాణం. తుప్పు పట్టి పోయిన టాంకు ఎర్రగా, పొరలు పొరలుగా ఉంటుంది, కొత్తగా విరిగిన లోహం తళుక్కుమంటుంది. గాలీ తడీ తగిలితే ఆ మెరుపు కొన్నాళ్ళకే పోతుంది. అందుకే ఫోటో ఆ రోజే తీయాలి.

ఆ సాయంత్రమే ఆ కుర్రవాడి నుంచి ఫోన్. "మేడమ్, కంప్లయింట్ పెట్టకండి. నా డబ్బుల్లోంచి కోస్తారు. నేనొచ్చి ఫ్రీగా చేసిపెడతాను." అతను కంపెనీ ఉద్యోగి కాదు. కంపెనీ ఒక సర్వీసు సెంటరుకు పని ఇస్తుంది, ఆ సెంటరు ఇతనికి ఇంటికి ఇంత చొప్పున ఇస్తుంది. రోజుకు తొమ్మిది, పది ఇళ్ళు. ఇలాంటి చోట మనం ఏం చేయాలి? అతని మీద జాలిపడి ఊరుకుంటే ఇంకో ఇంట్లో ఇంకో వాల్వుకు బిరడా పడుతుంది. అతని మీద కేసు పెడితే బాధ్యత మొత్తం అతని నెత్తిన పెట్టి కంపెనీ చేతులు దులుపుకుంటుంది. నేను అతన్ని ఇంటికి రానివ్వలేదు, అతని మీద ఫిర్యాదూ చేయలేదు. ప్రతివాదులుగా కంపెనీనీ, సర్వీసు సెంటరునీ పెట్టాను. టోల్ ఫ్రీ నంబరు కంపెనీది, చొక్కా మీద బొమ్మ కంపెనీది, మనిషిని పంపింది వాళ్ళు. ఈ మొత్తం అతని చెల్లింపుల్లోంచి కోయకూడదని కూడా రాశాను. ఆ వాక్యం వల్ల ఏమైనా జరిగిందో లేదో నాకు తెలియదు. యాప్ ద్వారా మనిషిని పిలిపించుకున్నా ఇదే పద్ధతి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి.

నేను మొదట 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ళకు తీర్పు చెప్పే అధికారం లేదు, కంపెనీకి చేరవేస్తారు, అంతే. చాలా చిన్న తగాదాలు అక్కడే తేలిపోతాయి. నా విషయంలో ఇరవై శాతం కాస్తా ముప్ఫయి శాతమయింది. కొత్త గీజరు నాకు అమ్మాలన్న ఉత్సాహమే తప్ప పాతది ఎందుకు పాడయిందన్న ప్రశ్నకు జవాబు లేదు. 15 రోజుల గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. నోటీసు లాయరే పంపాలని లేదు. తేదీలతో జరిగింది రాసి, ఏం కావాలో చెప్పి, సంతకం పెడితే చాలు. జవాబు రాకపోయేసరికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాను. ఇదివరకు ఫోరం అనేవాళ్ళం. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలోనో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఇది 2019 చట్టంతో వచ్చిన మేలు. జరిగిన రోజు నుంచి రెండేళ్ళ లోపల వేయాలి. ఇప్పుడయితే ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నమాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని గీజరు కోసం ఎదురు చూడకండి.

నేను ఏం అడిగానో చెప్పాలి. టాంకు మార్చాలి. ఎలక్ట్రీషియన్ ఖర్చు ఇవ్వాలి. మూడోది నా గంటలు. మా అత్తగారికి అప్పటికి 84 ఏళ్ళు. ఆమెకు చన్నీళ్ళు పనికిరావు. గీజరు లేని రోజుల్లో పొద్దున్నే పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచి, వంటింటి నుంచి బాత్రూం దాకా మోసుకెళ్ళడం, చల్లార్చి తొలపడం, మళ్ళీ కాచడం. మొదటి రెండు రోజులు నా సహచరుడూ మోశారు, ఆ తర్వాత నడుం పట్టేసింది. నేనూ, ఆ అమ్మాయీ మోశాం. రోజుకు గంటన్నర చొప్పున లెక్క రాసిపెట్టుకున్నాను. దానికి ఓ వెల కట్టి ఫిర్యాదులో చేర్చాను. కంపెనీ లాయరు అది చూసి "ఇంట్లో నీళ్ళు కాచుకోవడానికి కూడా నష్టపరిహారమా మేడమ్?" అని నవ్వాడు. ఇంటికొచ్చి చెబితే ఇక్కడా నవ్వారు.

ఇంటిపనికి విలువ కట్టడం న్యాయస్థానాలకు కొత్త కాదు. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదానికి సంబంధించిన లతా వాధ్వా కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణి చాకిరీకి నెలకు 3,000 రూపాయలు లెక్కగట్టింది. 2021లో కీర్తి కేసులో సంపాదన లేని గృహిణికి కూడా ఆదాయం ఉన్నట్టే లెక్క వేయాలంది. అవన్నీ ఆమె చనిపోయాక కట్టిన లెక్కలు. బతికుండి నీళ్ళ గిన్నె మోస్తున్నదాని గంటకు ఎంత అని అడిగితే నవ్వు వస్తుంది.

మొదటి వాయిదాల్లోనే కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. కంపెనీ మనిషి మర్యాదగా మాట్లాడాడు. టాంకు, వాల్వు ఉచితంగా మారుస్తామన్నాడు, ఎలక్ట్రీషియన్ ఖర్చు, పైన 5,000 రూపాయలు. ఎర్త్ లేదన్న సంగతి వాళ్ళ లాయరు గట్టిగా పట్టుకున్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఇంటిపని గంటలు" అన్న పంక్తి మాత్రం కొట్టేయమన్నారు. అది కొట్టేస్తేనే సంతకం. అప్పటికి 41 రోజులయింది, అత్తగారికి దగ్గు మొదలయింది. కొట్టేశాను. రాజీ కుదిరిన వ్యవహారం కాబట్టే ఇక్కడ కంపెనీ పేరు చెప్పలేదు. ఆ పంక్తి కొట్టేసి ఉండకూడదని ఇప్పటికీ అనిపిస్తుంది. నీళ్ళు మోసి మోసి ఉన్న ఆ రోజున మాత్రం కొట్టేయడమే తేలికనిపించింది.

కొత్త టాంకు బిగించాక, ఎర్త్ కలిపించి, బ్రేకరు కూడా పెట్టించాం. వచ్చిన మనిషిని ఆగమని చెప్పి, నీళ్ళు కాగేదాకా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అడుగంతా చేత్తో తడిమి చూసి, అప్పుడు ఓటీపీ చెప్పాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. అతను వెళ్ళాక "నాకు కరెంటు కొట్టిన సంగతి ఆ కాగితంలో రాశారా అమ్మా?" అని అడిగింది.

రాయలేదు. ఎర్త్ గురించి రాశాను, వాల్వు గురించి రాశాను, మా అత్తగారి స్నానం గురించి రాశాను. రెండు రోజులు ఆ కుళాయి పట్టుకున్న మనిషి నా ఫిర్యాదులో ఎక్కడా లేదు.